తమామ్ అన్న పిల్ల

మొన్న ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కాను. దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ళజోడు తయారైందని ఫోన్ వస్తే తెచ్చుకోవడానికి బయల్దేరాను. ఎదురు సీట్లో ఎవరో ఆఫ్రికా దేశపు అమ్మాయి, ఇక్కడేదో కాలేజీలో చదువుకుంటున్నట్టుంది, ఫోన్‌లో మాట్లాడుతోంది. నేను వినడం లేదు. కిటికీలోంచి కింద రోడ్డు చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆ అమ్మాయి "తమామ్, తమామ్" అని నవ్వింది. చైతన్యపురిలో తలుపులు తెరుచుకోగానే దిగేశాను. దిగాల్సింది ఆ తర్వాతి స్టేషన్‌లో అని రైలు వెళ్ళిపోయాక తెలిసింది. అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. ఒక రైలు పోయింది, ఇంకొకటి పోయింది.

ఆ మాటకి వాళ్ళ భాషలో 'బాగానే ఉంది' అని అర్థం. అంతే. నేను ఆ మాట మొదట విన్నది ఒక చిన్నపిల్ల నోట. ఆ పిల్ల గురించి ఇన్నాళ్ళూ బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. చెబితే నేను చేసిన పని కూడా చెప్పాల్సి వస్తుంది. పేరు మాత్రం రాయను.

మన్సూరాబాద్‌లో ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో నేను తెలుగు టీచర్ని. హాస్టల్ బాధ్యత కూడా నాదే. మాది తెనాలి దగ్గర పల్లె. ఇక్కడికొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా నా మాట మారలేదు. పిల్లలు ఎక్కువమంది నల్గొండ వైపు ఊళ్ళవాళ్ళు. వాళ్ళని చూసుకునే ఆయమ్మది కూడా అటువైపే.

ఒక జూన్ నెలలో ఆ పిల్లని వాళ్ళ మేనమామ తీసుకొచ్చాడు. సూడాన్ దేశం, ఇంట్లో మాట అరబ్బీ. పిల్లకి ఆరేళ్ళు. అతను ఇక్కడ కాలేజీలో చదువుతున్నాడు. అక్కడ పరిస్థితులు బాగాలేవు, తండ్రి పోయాడు, తల్లి చంటిపిల్లాడితో అక్కడే ఉంది, కూతురి చదువు పాడవకూడదని తమ్ముడి వెంట పంపింది. ఇదంతా అతను నాకు ఇంగ్లీషులో చెప్పాడు. ప్రతి ఆదివారం వస్తానన్నాడు. పిల్లకి మాత్రం రేపే వచ్చి తీసుకెళ్తానని చెప్పినట్టున్నాడు. ఎందుకంటే ఆ పిల్ల మొదటి నెలంతా రెండు బూట్లూ గుండెలకి హత్తుకుని పడుకుంది. లాగబోతే కరిచేది.

ఇడ్లీ పెడితే వేలితో నొక్కి, వాసన చూసి, సబ్బనుకుందో ఏమో, తీసుకెళ్ళి కుళాయి దగ్గర పెట్టొచ్చింది. సాంబారంటే భయం. పెరుగన్నంలో పంచదార కలిపిస్తే తినేది. తింటున్నంతసేపూ నోట్లో నోట్లో ఏదో అనుకునేది. పాటో, కథో, లెక్కో మాకు తెలీదు. బట్టలు మడతపెట్టుకునేటప్పుడూ అంతే, బోర్డు మీద అక్షరాలు చూసి రాసుకునేటప్పుడూ అంతే. సన్నటి వాన కురుస్తున్నట్టు ఆ గొణుగుడు ఆగేది కాదు.

తల నిండా సన్నసన్నటి జడలు. ప్రయాణానికి ముందు వాళ్ళమ్మ కూర్చుని వేసింది. రెండు నెలలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. హాస్టల్లో పేలు పడ్డాక విప్పక తప్పలేదు. ఆయమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని ఒక్కొక్క జడా విప్పుతుంటే ఆ పిల్ల "యుమ్మా, యుమ్మా" అని ఏడ్చింది. వాళ్ళ భాషలో తల్లిని అలాగే పిలుస్తారట. ఆయమ్మ తననే అనుకుంది.

"ఏంది బిడ్డా, అమ్మనే గదా తీస్తున్న. గట్ల ఏడుస్తె ఎట్ల? మల్ల మంచిగ ఏస్త."

అన్నట్టే వేసింది. మూడు దువ్వెనలు విరగ్గొట్టుకుని, పక్షం రోజులు పట్టుబట్టి ఆ జడలు నేర్చుకుంది. ఆనాటి నుంచి ఆ పిల్ల ఆయమ్మ కొంగు వదల్లేదు. తెలుగూ ఆమె దగ్గరే పట్టింది. మొట్టమొదట మాట్లాడిన తెలుగు మాట "నాకొద్దు, పో". ఆ తర్వాత ఎవరూ ఆపలేకపోయారు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి తనవైపే చూస్తూ నిలబడిపోతే, నడుం మీద చెయ్యి వేసుకుని "ఏంది సార్, గట్ల జూస్తున్నవ్? నేను గూడ గీడనే సదువుత" అంది. ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూర్చున్నాడు.

ఏదైనా అడగాలనుకుంటే ముందు "ఒక మాట చెప్త, నారాజ్ గావొద్దు" అనేది. ఎవరైనా మాట్లాడుతుంటే ఒంటికాలి మీద నిలబడి, రెండో పాదం మోకాలికి ఆనించి, తల వంచి వినేది. అర్థం కాకపోయినా సరే, అవతలివాళ్ళు నవ్వితే నవ్వేది, ఊ కొట్టాల్సిన చోట ఊ కొట్టేది. కొత్తచోట బతకడానికి పిల్లలు నేర్చుకునే విద్య అది. మేం దాన్ని తెలివి అనుకున్నాం.

ఇప్పుడు నా సంగతి. నాకు ఆ గొణుగుడు నచ్చేది కాదు. క్లాసులో పక్కపిల్లలు నవ్వుతున్నారు, డిక్టేషన్ తప్పులు పోతున్నాయి. ఒకరోజు దగ్గరికి పిలిచాను.

"చూడమ్మా, ఇక్కడ తెలుగు మాట్లాడు. లేకపోతే ఇంగ్లీషు మాట్లాడు. ఆ గొణుగుడు వద్దు. తెలిసిందా?"

తలూపింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడల్లా నేను పెదవుల మీద వేలు పెట్టి చూపించేదాన్ని. కొన్నాళ్ళకి తనే పెట్టుకునేది. రెండో ఏడు వచ్చేసరికి గొణుగుడు పూర్తిగా పోయింది. నాకు గర్వంగా ఉండేది. నాలుగో తరగతిలో వార్షికోత్సవానికి ఆ పిల్ల స్టేజీ మీద పద్యం చదివితే, ఒక్క ఒత్తు కూడా తప్పు పోలేదు. పిల్లల తల్లిదండ్రులంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కరస్పాండెంట్ గారు నాకు శాలువా కప్పారు.

మేనమామ మొదటి ఏడాది ఆదివారాలు తప్పకుండా వచ్చాడు. చదువు అయ్యాక ఉద్యోగానికి ఇంకో దేశం వెళ్ళిపోయాడు. ఫోన్లు చేసేవాడు. చదువెలా ఉందో చూద్దామని పిల్లతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. అంతలో వాళ్ళ దేశంలో యుద్ధం మొదలైంది. తల్లి ఇల్లు వదిలి ఊరు నుంచి ఊరికి పారిపోతోందని మేనమామ చెప్పాడు. ఆ తర్వాత అతని ఫోన్లూ తగ్గిపోయాయి. ఆమె ఫోన్ ఆరునెలలకో ఎనిమిది నెలలకో ఒకసారి నాకు వచ్చేది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. గులకరాళ్ళు దొర్లినట్టు చప్పుడు, మధ్యలో మాటలు. పిల్ల "అయ్‌వా" అనేది, అంటే అవునని. "తమామ్" అనేది. లైను తెగిపోయేది.

అలాంటి ఫోనే ఒకటి ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. పిల్లకి అప్పటికి ఎనిమిదేళ్ళు నిండాయి. మిగతా పిల్లలంతా టీవీ గదిలో ఉన్నారు. పిలిచి ఫోన్ ఇచ్చాను. తల్లి ఆరోజు ఎక్కువసేపు మాట్లాడింది, నెమ్మదిగా, ఒక్కొక్క మాటే. పిల్ల ఒంటికాలి మీద నిలబడి వింది. "అయ్‌వా" అంది. తల్లి ఏదో అడిగింది. "తమామ్" అని నవ్వింది. అవతల చప్పుడు లేదు. కాసేపు చూసి ఫోన్ నాకిచ్చేసింది.

పక్కనే బట్టలు మడతపెడుతున్న ఆయమ్మ, "తమాం అంటదేంది ఎప్పుడు? ఏం తమాం అయింది?" అంది. ఆయమ్మ వాళ్ళ వైపు తమాం అంటే మొత్తం, అంతా అని కదా.

"ఏమంది మీ అమ్మ?" అన్నాను నేను.

"మంచిగుందంట టీచర్. తమ్ముడు గూడ మంచిగున్నడంట."

ఆ మాటకి సంతోషించి బీరువాలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి ఇచ్చాను.

మా బస్సు డ్రైవర్ మస్కట్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి వచ్చిన మనిషి. ఒకసారి నాతో అన్నాడు, "టీచర్, గా పిల్లతోని అరబ్బీల మాట్లాడితె నవ్వుతది గని జవాబియ్యది." నీ అరబ్బీ వాళ్ళ అరబ్బీ ఒకటి కాదేమో అన్నాను. ఆయన కూడా కావచ్చనుకున్నాడు.

కిందటేడు దసరా సెలవులకి వారం ముందు తల్లి వచ్చింది. సరిహద్దు దాటి కైరోలో అక్క దగ్గర చేరిందట. అక్కణ్ణించి కాగితాలన్నీ కుదిరేదాకా ఆగి, కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చింది. పొడుగాటి మనిషి. ఒంటి చుట్టూ, తల మీదుగా ఒకే పొడవాటి తెల్లటి గుడ్డ చుట్టుకుంది. ఆయమ్మ చూసి "మన చీర లెక్కనే ఉన్నది" అంది. ఇంగ్లీషు రెండు ముక్కలు తప్ప రాదు. ఆఫీసు గదిలో కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మం వైపే చూస్తూ నిలబడింది.

పిల్ల క్లాసులోంచి పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. తల్లి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. పిల్ల వెళ్ళి ఆ చేతుల్లో నిలబడింది. తల్లి ముఖమంతా తడిమింది, జడలు తడిమింది, ఎవరు వేశారన్నట్టు ఆయమ్మ వైపు చూసింది. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళ మాటలు. పిల్ల నవ్వుతూ వింటోంది.

"అయ్‌వా" అంది.

తల్లి ఇంకేదో అంది. గొంతు మారింది. అడుగుతున్నట్టుంది.

"తమామ్" అంది పిల్ల.

తల్లి చేతులు పిల్ల భుజాల మీదనుంచి జారిపోయాయి. మళ్ళీ అడిగింది, ఈసారి ఇంకా నెమ్మదిగా.

పిల్ల నా వైపు తిరిగింది. నవ్వు అలాగే ఉంది, కళ్ళల్లో మాత్రం భయం. "టీచర్, గామె ఏమంటున్నది?"

మొదట నాకు బుర్రకెక్కలేదు. "ఆమె ఏంటమ్మా? మీ అమ్మ కదా!"

"ఎర్కనే. ఏమంటున్నది?"

ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తల్లి మా ముఖాలు మార్చి మార్చి చూస్తోంది. నా కూతురికి ఏం చేశారు మీరు అన్నట్టుంది ఆ చూపు. పిల్లకి భాష లేదు. ఎప్పటినుంచి లేదో కూడా మాకు తెలీదు. రోజూ తలదువ్వి, అన్నం పెట్టి, పద్యాలు నేర్పిన మాకు తెలీలేదు.

డ్రైవర్‌ని పిలిపించాను. ఆయన ఆమెతో రెండు మాటలు మాట్లాడాడు. ఆమె గబగబా చెప్పింది. వింటూ వింటూ ఆయన గోడకి ఆనుకున్నాడు. పిల్లకి వినపడకుండా నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు.

"ఏమంటోంది?"

"నాతోని గాదు టీచర్, నేను చెప్పలేను."

"చెప్పన్నా."

"రెండేండ్ల కింద ఫోన్ జేసి, తమ్ముడు జొరమొచ్చి సచ్చిపోయిండని చెప్పిందంట. బిడ్డ భయపడొద్దని ఏడ్పు ఆపుకోని చెప్పిందంట. ఇంటున్నవా బిడ్డా అంటె అయ్‌వా అన్నదంట. నువ్వెట్లున్నవు అంటె తమామ్ అని నవ్విందంట. గప్పటిసంది ఆమె మనసుల అదే ఉన్నదంట. నా బిడ్డ గింత రాయి ఎట్లయిందని. గదే అడుగుతున్నది. ఎందుకు నవ్వినవు అని."

ఆ ఆదివారం మధ్యాహ్నం, ఆ గదిలో నేనే ఉన్నాను. ఆ ఫోన్ నాదే. తల్లి నోట తమ్ముడి పేరు వినపడి ఉంటుంది, ఆ ఒక్క పేరే అర్థమై ఉంటుంది, మిగతాది తనే కల్పించుకుంది. నేను బిస్కెట్లిచ్చాను.

లోపలికొచ్చి డ్రైవర్‌తో అన్నాను. "ఆ భాష మాన్పించింది నేనేనని చెప్పు."

"చెప్పాల్నా టీచర్?"

"చెప్పు."

చెప్పాడు. ఆమె నా వైపు చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. చివరికి నెమ్మదిగా ఏదో అంది. డ్రైవర్ తల దించుకుని నాకు చెప్పాడు.

"ఆమె గూడ టీచరేనంట. చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పేదంట. కొండల దిక్కు నుంచి వేరే తెగల పిల్లలొచ్చి వాళ్ళ భాష మాట్లాడితె, ఆమె గూడ నోరు మూపిచ్చేదంట."

క్షమించాననలేదు.

తమ్ముడి సంగతి పిల్లకి నువ్వే చెప్పు అని డ్రైవర్‌ని అడిగాను. ఆయన ఆమెను అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి, చేత్తో ఆయన్ని గుమ్మం బయటికి వెళ్ళమని సైగ చేసింది. తల్లీబిడ్డల మధ్య వేరే మనిషి వద్దని. ఫోన్ తీసి పిల్లాడి ఫోటో చూపించింది. రెండేళ్ళవాడు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. పిల్ల తమ్ముడి పేరు చెప్పి గుర్తుపట్టింది. తల్లి అరచెయ్యి చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి తీసి నేల మీద బోర్లా పెట్టి, మట్టి సర్దినట్టు రెండుసార్లు నిమిరింది. తల ఊపింది.

పిల్లకి అర్థమైంది. ఫోటో వంక చూస్తూ "ఎప్పుడు?" అంది.

ఆ మాట తల్లికి తెలీదు. పిల్ల ఇంకోసారి అడిగింది, గట్టిగా, అరిచినట్టు. "ఎప్పుడూ?" బయట నిలబడ్డ డ్రైవర్, అటువైపు తిరిగే, వాళ్ళ భాషలో ఒక్క మాటన్నాడు. తల్లి రెండు వేళ్ళు చూపించింది. పిల్ల ఆ వేళ్ళు చూసింది, నన్ను చూసింది. తనకీ ఆ ఆదివారం గుర్తొచ్చిందని ఆ చూపులో తెలిసిపోయింది. అప్పుడు ఏడ్చింది. ఏ భాషా అక్కర్లేని ఏడుపు. తల్లి ఒళ్ళోకి లాక్కుంది. సాయంత్రం బడి గంట కొట్టినా వాళ్ళు ఆ నేల మీదనుంచి లేవలేదు.

తల్లి పద్దెనిమిది రోజులు ఉంది, ఆయమ్మ ఉండే కిరాయి గదిలో. ఆయమ్మ జొన్నరొట్టె చేస్తుంటే ఆమె ఆగమని, పిండి నానబెట్టి పులియనిచ్చి, పెనం మీద కాగితమంత పల్చగా పరిచి తీసింది. వాళ్ళ ఊళ్ళోనూ జొన్నలేనట. ఆయమ్మకి అది పుల్లగా ఉంది, తినలేకపోయింది. ఆమెకి మన రొట్టె గట్టిగా ఉంది. అయినా రోజూ ఇద్దరూ ఒకరిది ఒకరు తిన్నారు.

ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ బజారుకి నేనూ వెళ్ళాను. పిల్ల ముందు నడుస్తోంది, వెనక తల్లి. గాజుల బండి దగ్గర పిల్ల బేరమాడుతుంటే ("ఏందన్నా, గింత చెప్తున్నవ్, మేం గీడోళ్ళమే") చుట్టూ జనం మూగి నవ్వుతున్నారు. తల్లి నవ్వలేదు. నోరు తెరిచి కూతుర్నే చూస్తోంది. తన పిల్ల ఇంత మాటకారి అని ఆమెకి అప్పుడే తెలిసింది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమెది కాదు.

సెలవుల్లో పిల్ల రెండు గీతల నోట్సు పట్టుకుని తల్లి ముందు కూర్చునేది. తల్లి నీళ్ళు చూపించి "మోయా" అంటే తెలుగులో 'మోయా' అని రాసుకునేది. నేను అలవాటుకొద్దీ వంగి దీర్ఘం సరిచెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తల్లి అదే గీత మీద అటు చివరనుంచి తన అక్షరాలు రాసింది. రెండు రాతలూ ఎదురెదురుగా వచ్చి మధ్యలో ఆగాయి. ఒక్కోసారి పిల్లకి మాట గుర్తొచ్చి మెరుపులా పలికేది. ఒక్కోసారి పుస్తకం విసిరికొట్టి "నాకొస్తలేదు" అని ఆయమ్మ దగ్గరికి పరిగెత్తేది. అప్పుడు ఆయమ్మ, కడుపులో ఎంత బాధున్నా, చెయ్యి పట్టుకుని మళ్ళీ తల్లి దగ్గరికే తీసుకొచ్చి కూర్చోబెట్టేది.

వెళ్ళే రోజు పొద్దున్నే బడి ముందు కారు ఆగింది. సామాను ఎక్కించాక పిల్ల నా దగ్గరికొచ్చింది.

"ఒక మాట చెప్త టీచర్, నారాజ్ గావొద్దు. ఆడికి పోయినంక తెలుగు గూడ మర్చిపోతనా?"

ఎందుకు మర్చిపోతావు, ఎప్పటికీ మర్చిపోవు అనడం ఎంత తేలిక! ఆ పిల్లకి ఇంకొక అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"మర్చిపోతావేమో తల్లీ. ఫర్వాలేదు. నువ్వు మీ అమ్మతో మాట్లాడు."

"గట్లనొద్దు టీచర్!" అంది కోపంగా. కాళ్ళు నేలకేసి కొట్టింది. ఆయమ్మని కరుచుకుంది. తల్లి వచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప వదల్లేదు.

కైరో చేరాక వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. మొదట్లో అన్నీ తెలుగులో. చలి, కొత్త బడి, పక్కింటి పిల్లితో స్నేహం, ఆయమ్మ నడుం నొప్పి ఎట్లుందని. తర్వాత మాటకోసం వెతుక్కోవడం వినపడేది, మధ్యలో వాళ్ళ మాట వచ్చి పడేది. మెసేజ్‌లు పల్చబడ్డాయి.

పోయిన నెల ఒకటొచ్చింది. నిమిషంన్నర. మొదటినుంచి చివరిదాకా వాళ్ళ భాషే. నేను కోరుకున్నది అదే కదా! ఒక్క ముక్క అర్థం కాలేదు. డ్రైవర్‌ని పిలవాలనిపించలేదు. వరండాలో బియ్యం చెరుగుతున్న ఆయమ్మ దగ్గర కూర్చుని పెట్టాను. పిల్ల ఏదో చెబుతోంది. మధ్యలో తల్లి గొంతు అడ్డం వచ్చింది. పిల్ల టక్కున బదులిచ్చింది. తల్లి మళ్ళీ ఏదో అంది. పిల్ల గొంతు పెంచింది, ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా.

ఆయమ్మ చాట పక్కన పెట్టింది.

"తల్లి అంటుంటె ఊకుంటలేదు జూడు టీచరమ్మా. మాటకు మాట కొట్లాడుతున్నది."

"అవును."

"ఇంకోపారి పెట్టు" అంది.